మూడో కార్డు

పెరట్లో మళ్ళీ తెల్ల సిమెంటు జల్లుతున్నాడు మేస్త్రి.

జల్లెడ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తడుతూ, గోడ దగ్గర్నుంచి నీళ్ళ తొట్టి దాకా వెనక్కి వెనక్కి నడిచాడు. బతుకంతా ఇళ్ళకి టైల్స్ పరిచిన మనిషి. పొడి జల్లినా సరే, ఒకచోట మందం, ఇంకోచోట పలచన ఉండదు. జల్లడం అయ్యాక చెప్పులు విడిచి, ఆ చివర నిలబడి, పందెం నడక మొదలుపెట్టాడు. నడుము అటూ ఇటూ తిరుగుతుంటే, మడిచిన మోచేతులు ఊగుతుంటే, ఆ పొడి మీదుగా ఈ చివరికి వచ్చాడు. వెంటనే మోకాళ్ళ మీద కూలబడి, జేబులోంచి టేపు తీసి, ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య ఎంత ఎడం ఉందో కొలవసాగాడు.

వంటింటి కిటికీలోంచి టీచరమ్మ అదంతా చూస్తూ నిలబడిపోయింది. వెనకాల స్టవ్ మీద పాలు పొంగాయి.

"అమ్మా, పాలు!"

కూతురు పరుగున వచ్చి స్టవ్ ఆపింది. మందుల షాపులో ఉద్యోగం ఆ పిల్లకి, వారానికి ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజూ పుట్టింట్లో హాయిగా గడుపుదామని వచ్చింది పాపం. వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడింది లేదు.

"పందెం అయిన దగ్గర్నుంచీ ఇదే పనా?" అంది గుడ్డతో స్టవ్ తుడుస్తూ.

"పొద్దునా సాయంత్రం ఇదే. షెడ్డులో సిమెంటు అయిపోతే ఇంకేం జల్లుతాడో."

"నీతో మాట్లాడుతున్నాడా?"

"తింటారా అంటే తింటానంటాడు. వద్దా అంటే వద్దంటాడు. అంతే."

"కోపమా?"

"కోపమైతే బాగుండేది. కోపమొస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు, టీ తాగేసరికి చల్లారిపోతాడు. మీ నాన్న కోపం నాకు కొత్తా? ఇది అది కాదే."

అది సిగ్గు. ఆ మాట పైకి అనడానికి టీచరమ్మకి నోరు రాలేదు.

పందెం నడకకి ఉన్నవి రెండే నియమాలు. ఎప్పుడూ ఏదో ఒక పాదం నేలని తాకుతూ ఉండాలి. ముందుకు పడిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. ట్రాక్ చుట్టూ జడ్జీలు నిలబడి వట్టి కళ్ళతో కనిపెడతారు. తప్పు కనిపిస్తే కార్డు రాసి పంపుతారు. మోకాలు వంగితే దాని మీద ఒక కోణం గీస్తారు, పాదం లేస్తే అలలాంటి గీత గీస్తారు. ఎవరికి ఏ తప్పుకి కార్డు పడిందో ట్రాక్ పక్కన బోర్డు మీద కనిపిస్తూ ఉంటుంది. ముగ్గురు జడ్జీల నుంచి, ఏ తప్పుకైనా సరే, మూడు కార్డులు చేరాయంటే పెద్ద జడ్జి ఎర్ర పలక ఎత్తి ఆ మనిషిని బయటికి పంపేస్తాడు. అరవై దాటినవాళ్ళ పందెంలో, ఆఖరి చుట్టులో, అందరికంటే ముందు నడుస్తున్న మేస్త్రికి ఆ పలక ఎత్తారు. మూడో కార్డు అతని భార్య రాసింది.

బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైన టీచరమ్మ జడ్జీగా నిలబడటం కొత్తేమీ కాదు. కానీ భర్త నడిచే రోజున ఆవిడ ఎప్పుడూ ట్రాక్ దగ్గరికి వచ్చేది కాదు, బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలు కాపలా కాసేది. ఆ రోజు ఒక జడ్జి రాలేదు. పెద్ద జడ్జి బతిమాలాడు. అందరి ముందూ మేస్త్రే, "నిలబడవోయ్, నీకంటే తిన్నగా చూసేవాళ్ళెవరు?" అన్నాడు. నిలబడింది.

"చెప్పేస్తానే," అంది టీచరమ్మ, కిటికీ వైపే చూస్తూ.

"ఏమని?"

"కాలు లేవలేదని."

కూతురు గుడ్డ సింకులో పడేసి తలుపు దగ్గరికి వేసింది. "నీకేమైనా పిచ్చా? పెదాలు నీలంగా అయిపోయాయని నువ్వే కదా చెప్పావు. ఎదురుగా ఉన్న నిన్నే గుర్తుపట్టలేదన్నావు."

"మలుపు దగ్గర, ఆగండి అన్నాను. జడ్జి నోరెత్తకూడదు, అయినా అన్నాను. నా మొహంలోకి చూస్తూనే వెళ్ళిపోయాడు. ఎవరో దారిన పోయేదాన్ని చూసినట్టు చూశాడు."

"మరి? నువ్వు కార్డు రాయకపోతే అక్కడే కుప్పకూలేవాడు. ప్రాణం కాపాడావు."

"ఆగమంటే పెళ్ళాం మాటకి ఆగలేదు. జడ్జి మాటకి ఆగాడు. నా చేతిలో ఉన్నది అదొక్కటే, వాడేశాను. అందులోనూ తప్పు చేశానే. అప్పటికే ఇద్దరు మోకాలని రాసి పంపారు. నేనూ మోకాలని రాస్తే పోయేది. నవ్వేసి ఇంటికొచ్చేవాడు. బతుకంతా మోకాళ్ళ మీద పాకినవాణ్ణి, ఆ మాత్రం వంగవా అనేవాడు. నా చేతికేం మాయరోగమొచ్చిందో, అలగీత గీశాను."

"రెండింటికీ అంత తేడా ఏముందమ్మా?"

"మోకాలు వంగితే వయసు. కాలు లేస్తే దొంగతనం. నడుస్తున్నట్టు నటిస్తూ పరిగెత్తాడని అర్థం. మీ నాన్నని నువ్వు ఎన్ని తిట్లు తిట్టినా పడతాడు, ఆ ఒక్కటీ పడలేడు."

పెరట్లోంచి టేపు చుట్టుకున్న చప్పుడు వినిపించింది.

"చెప్తే ఏమవుతుందో తెలుసా?" అంది కూతురు, గొంతు తగ్గించి. "ఓహో నా కాలు బాగానే ఉందన్నమాట అనుకుని రేపు పొద్దున్నే మళ్ళీ ట్రాకెక్కుతాడు. ఈసారి నువ్వక్కడ జడ్జీగా ఉండవు. ఇప్పుడు సిగ్గుపడితే పడనీ. సిగ్గుతో ఎవరూ చచ్చిపోరమ్మా."

"గుండె చూపించుకుందాం రండంటే రావడం లేదే. నడకే మానేశాక డాక్టరెందుకు అంటాడు. నడవకపోతే అది దానంతటదే బాగవుతుందా?"

"మెల్లిగా నేను తీసుకెళ్తాను. బతిమాలో భయపెట్టో తీసుకెళ్తాను. నువ్వు మాత్రం నోరెత్తకు. నా మీదొట్టు."

టీచరమ్మ ఔననలేదు, కాదనలేదు. కూతురు దాన్ని ఒప్పుకోవడం కిందే లెక్కవేసుకుంది.

మధ్యాహ్నం మేస్త్రి కాళ్ళు కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లపొడి ఉంది. టీచరమ్మ వడ్డించింది. కూతురు ఏవేవో కబుర్లు చెప్పింది, షాపులో ఒకాయన దగ్గు మందు అడగబోయి తలకి రాసే నూనె కొనుక్కెళ్ళాడని, మర్నాడు వచ్చి గొడవ పెట్టుకున్నాడని. మామూలు రోజైతే మేస్త్రి పొలమారేదాకా నవ్వేవాడు. ఇప్పుడు తల ఊపి ముద్ద కలుపుకున్నాడు.

సగం తిన్నాక చెయ్యి ఆపాడు.

"ఏ కాలు?" అన్నాడు.

టీచరమ్మకి మొదట అర్థం కాలేదు. పందెం అయ్యాక ఆయన తనంతట తాను ఆవిడతో అన్న మొదటి మాట అది.

"ఏమిటండీ?"

"లేచింది ఏ కాలు? ఎంత కొలిచినా నాకు తెలియడం లేదు. కుడిదా, ఎడమదా?"

గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కూతురు కంచంలోకి తల దించుకుంది. లేవని కాళ్ళలో ఏ కాలు లేచిందని చెప్పాలి?

"ఎడమ," అంది టీచరమ్మ.

మేస్త్రి మెల్లిగా తలాడించాడు. "నేనూ అదే అనుకున్నా. ఎడమ మడమ కొంచెం తేలిగ్గా పడుతోంది పొడిలో." ఆవిడ మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుంది. "ఇదడగడానికి ఇన్నాళ్ళూ మొహం చెల్లలేదు నాకు," అని మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం అతుకేసినందుకు భర్త తన వంక కృతజ్ఞతగా చూస్తే ఎలా ఉంటుందో టీచరమ్మకి ఆ పూట తెలిసింది. కంచం తీసుకుని లేచిపోయింది. ఆవిడ గిన్నెలు కడుగుతుండగా ముందు గదిలో మేస్త్రి ఎవరితోనో ఫోన్లో మెల్లిగా మాట్లాడటం వినిపించింది. మాటలు తెలియలేదు.

ఎండ చల్లబడుతుండగా డ్రైవింగ్ స్కూలు కారు వాకిట్లో ఆగింది. దిగినవాడు టీచరమ్మ తమ్ముడు. ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పినవాడు, తను మాత్రం బావగారి వీపు చూస్తూ నడవడం తప్ప ఇంకోటి ఎరగడు. ప్రతి పందెంలోనూ మేస్త్రి మొదట, అతను తర్వాత. ఈసారి మేస్త్రి బయటికి పోయాడు కాబట్టి అతను మొదట వచ్చాడు.

ఎప్పుడూ వాకిట్లోంచే, "అక్కా, టీ పెట్టు! బావా, బ్రేకు వెయ్యి!" అని అరుచుకుంటూ వచ్చే మనిషి, ఇవాళ చెప్పులు బయట జాగ్రత్తగా విడిచి లోపలికొచ్చాడు. జేబులోంచి రిబ్బను చుట్టిన మెడల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నాది కాదు బావా."

మేస్త్రి దాని వంక చూడలేదు. "ఎవరిది మరి? నీ కాళ్ళతో నువ్వు నడిచావు."

"నువ్వు నాకంటే ముందున్నావు."

"ముందున్నవాడు నడవలేదురా. పరిగెత్తాడు."

"అబ్బ, ఆ మాట మళ్ళీ మళ్ళీ ఎందుకు?" తమ్ముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇది మెళ్ళో వేసుకుని నేను తలెత్తుకు తిరగలేకపోతున్నా బావా. మన నడక సంఘంలో ఏమంటున్నారో తెలుసా? నా మొహం మీదే అంటున్నారు. మొగుడి కంటే తమ్ముడు ముద్దయ్యాడు కాబట్టి మొగుణ్ణి గెంటేసి తమ్ముణ్ణి గెలిపించిందట. మొగుడు పాల్గొనే పందెంలో పెళ్ళాం జడ్జీ ఏమిటని ఫిర్యాదు ఇచ్చారు. ఇవాళ సాయంత్రం కమిటీ కూర్చుంటోంది. అక్కని జడ్జీల్లోంచి తీసేస్తారట."

టీ గ్లాసులు తెస్తున్న టీచరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తమ్ముడు ఆవిణ్ణి చూసి నాలిక్కరుచుకున్నాడు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళకి ఆ ఇంట్లో ఆయన గొంతు వినిపించింది.

"ఎవడ్రా అన్నది?"

"ఎవరైతే ఏముంది బావా..."

"ఎవడన్నాడో చెప్పరా! మా ఆవిడ కంటికి మొగుడూ లేడు, తమ్ముడూ లేడు. పాదం ఒక్కటే కనిపిస్తుంది. సొంత మొగుడికి కార్డు రాయాలంటే ఎంత గుండె ఉండాలో ఆ వెధవలకేం తెలుసు? నేనైతే రాయగలనా? నువ్వు రాయగలవా? అలాంటి మనిషిని పట్టుకుని ముద్దూ గిద్దూ అంటారా?"

కూతురు వచ్చి తల్లి చేతిలోంచి టీ పళ్ళెం అందుకుంది.

మేస్త్రి లోపలి గదిలోకి వెళ్ళి తన పనిముట్ల సంచీ తెచ్చాడు. తాపీ, సుత్తి, లెవెలు మోసి మోసి నలిగిన కాన్వాసు సంచీ. బల్ల మీద పెడితే లోపల లోహం గలగలమంది, కానీ ఆ చప్పుడు సుత్తిదీ కాదు, తాపీదీ కాదు.

"ఏమిటిది?" అన్నాడు తమ్ముడు.

"ఇవీ నీవే. అన్నీ. మా గోడ మీద వేలాడదీసుకున్నానే, అవన్నీ."

టీచరమ్మ ముందు గది గోడ వంక చూసింది. వట్టి మేకులు మిగిలాయి. ఎప్పుడు తీశాడో ఆవిడ గమనించనే లేదు.

"నీకేమైనా మతిపోయిందా బావా?" తమ్ముడు సంచీని అవతలికి నెట్టాడు. "ఒక్క పందెంలో ఏదో జరిగితే, పాతవన్నీ ఎందుకిస్తావు?"

"కూర్చుని విను. మోకాలి సంగతి వేరు. మొన్న వంగిందంటే వయసొచ్చింది, అరిగింది, వంగింది. ఇంతకు ముందు వంగలేదు. సరేనా? కాలు లేవడం అలా కాదు. వయసొచ్చిన కొద్దీ కాలు నేలకే లాగుతుంది. చెప్పులీడ్చుకుంటూ తిరుగుతాం. ఈ వయసులోనే నా కాలు లేచిందంటే, ఒంట్లో సత్తువున్నప్పుడు ఎంత లేచి ఉంటుందిరా?"

తమ్ముడు బల్ల మీది మెడల్ని వేలితో అటూ ఇటూ జరిపాడు.

"నా నడక మారలేదు. మొదట్నించీ అదే నడక. అంటే మొదట్నించీ అదే దొంగతనం. ఎవరి కంటికీ పట్టలేదు, అంతే. ఇన్నేళ్ళలో ఈవిడ నా పందేనికి నిలబడలేదు. నిలబడిన మొదటిసారే పట్టుకుంది. నువ్వు నా వెనకాల చెమటోడ్చి నిజాయితీగా నడుస్తుంటే, నేను నీ ముందు గాల్లో తేలుకుంటూ పోయాను. ఇన్నేళ్ళూ నీ సొమ్ము నా గోడ మీద పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాను."

ఆయన ఏడవలేదు. ఏడిస్తే టీచరమ్మ తట్టుకునేదేమో. లెక్క అప్పజెబుతున్నవాడిలా, తీరిగ్గా చెప్పాడు.

"కమిటీ కూర్చుంటోందన్నావుగా, పద. వాళ్ళ బల్ల మీద ఇవి కుమ్మరించి, ఆవిడ కార్డు అక్షరాలా నిజం, నేనే ఒప్పుకుంటున్నానంటాను. నేనే ఒప్పుకున్నాక ఇంకెవడు నోరెత్తుతాడు? ఆవిడ పేరుకి మచ్చ రాదు."

"ఏమండీ, కూర్చోండి," అంది టీచరమ్మ.

ఆయన సంచీ పట్టీ భుజానికి తగిలించుకుంటున్నాడు.

"కూర్చోమంటున్నాను!"

బడి మైదానంలో వినపడే గొంతు అది. ముగ్గురూ ఆవిడ వంక చూశారు. కూతురు మెల్లిగా తల అడ్డంగా ఊపింది, వద్దమ్మా అన్నట్టు. టీచరమ్మ అటు చూడలేదు.

"మీ కాలు లేవలేదు. కుడిదీ లేవలేదు, ఎడమదీ లేవలేదు. ఇందాక అబద్ధం చెప్పాను. కార్డూ అబద్ధమే రాశాను. మీ పెదాలు నీలంగా అయిపోయాయి. మలుపు దగ్గర నన్ను చూసి కూడా గుర్తుపట్టలేదు మీరు. ఆగమంటే ఆగలేదు. ఇంకో వంద గజాలు నడిస్తే పడిపోతారనిపించింది. ఇంకేం చెయ్యాలో తోచక రాసేశాను."

తమ్ముడి కళ్ళు అక్క మొహం మీద ఉన్నాయి.

"అక్కా, నిజమా?"

మేస్త్రి నవ్వాడు. వారం నుంచి ఆ మొహం మీద లేని నవ్వు. అది చూసి టీచరమ్మ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. ఆ క్షణమే మిగిలింది ఆవిడకి.

"అంటావని తెలుసు," అన్నాడు. "మధ్యాహ్నం నీ మొహం చూసినప్పుడే అనుకున్నా. ఇదిగో, మెత్తబడిపోయింది, ఇంకాసేపట్లో ఇలాంటిదేదో అంటుందని."

"ఓదార్పుకి చెప్పడం లేదండీ. నిజం చెప్తున్నాను."

"నాకేమైందని ఆగాలి? ఆ చివరి చుట్టు ఎలా నడిచానో నాకు తెలుసుగా. ఒంటికి బరువే లేదు. నేలే తెలియలేదు. తేలిపోతున్నట్టుంది. నా బతుకులో అంత హాయిగా ఎప్పుడూ నడవలేదు." ఆయన గొంతు తగ్గింది. "తర్వాత అర్థమైంది ఎందుకు అంత హాయిగా ఉందో. తేలాను కాబట్టి."

"అది హాయి కాదు, గుండె! తల తిరిగి ఉంటుంది మీకు!"

"సరే. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఇన్నాళ్ళు పెరట్లో పొడి జల్లుకుంటుంటే చూస్తూ ఊరుకున్నావా?"

ఆ ప్రశ్నకి టీచరమ్మ దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే. ఆ రోజు రాత్రే నీకు ఫోన్ చేసి చెప్పాను కదా. పెదాల సంగతి, కార్డు సంగతి, అన్నీ. చెప్పు మీ నాన్నకి."

కూతురు పళ్ళెం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. తండ్రి వంక చూసింది. ఆయన పెదాల వంక చూసింది. మందుల షాపులో చీటీలు పట్టుకుని వచ్చే మనుషుల్లో ఎవరు మళ్ళీ వస్తారో ఎవరు రారో ఆ పిల్లకి చూసి చూసి తెలిసిపోతుంది.

"నాకేం చెప్పలేదు నాన్నా," అంది.

"ఏమిటే!" అంది టీచరమ్మ.

"నాకు తెలీదమ్మా. పందెంలో ఏం జరిగిందో నాకేం తెలుసు?"

చెప్పేసి పళ్ళెంతో సహా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేస్త్రి టీచరమ్మ దగ్గరికి వచ్చాడు. సిమెంటు వాసన వేస్తున్న చేత్తో ఆవిడ భుజం తట్టాడు. చిన్నపిల్లని బుజ్జగించినట్టు తట్టాడు.

"పెళ్ళాం చెప్పేది ఓదార్పు. జడ్జి చెప్పింది నిజం. నాకు రెండోదే కావాలి," అన్నాడు. "నాకోసం నీ మాట పోగొట్టుకోకు. నాకు మెడల్సన్నీ పోయినా ఫరవాలేదు. అబద్ధం కార్డు రాసిన మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశానని మాత్రం అనిపించుకోలేను."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన మెల్లిగా విడిపించుకున్నాడు.

"పదరా, బండి తియ్యి."

తమ్ముడు కదల్లేదు. అక్కని నమ్మితే ఆవిడ దొంగ జడ్జి. బావని నమ్మితే ఆయన దొంగ నడకవాడు. ఎటు నమ్మినా మెడ మీద ఆ రిబ్బను ఉరితాడే. "బావా, ఇవాళ వద్దు. రేపు మాట్లాడదాం," అన్నాడు నీళ్ళు నములుతూ.

"నువ్వు రాకపోతే నేను నడిచి వెళ్తా."

ఆ మాట వినగానే అక్కాతమ్ముళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. తమ్ముడు గబగబా చెప్పులేసుకున్నాడు. కారు తలుపు పడిన చప్పుడు, ఇంజను చప్పుడు, తర్వాత వీధి మామూలుగా అయిపోయింది.

వంటింట్లో కూతురు కుళాయి విప్పి గ్లాసులు కడుగుతోంది. ఎవరూ తాగని టీ సింకులో పోసేసింది.

"ఎందుకలా అన్నావే?" అంది టీచరమ్మ.

"నాకు నాన్న కావాలి."

"నాకక్కర్లేదా?"

కూతురు ఏడుస్తోంది, వెనక్కి తిరక్కుండా. "నువ్వు ఆ రోజు ట్రాక్ మీద ఏం చేశావో నేనూ ఇవాళ అదే చేశాను. నీదైతే ఒప్పు, నాదైతే తప్పా?"

టీచరమ్మకి చెయ్యెత్తి కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. ముందు గదిలోకి వచ్చి, ఖాళీ మేకుల కింద కూర్చుని, ఫోన్ తీసింది.

పెద్ద జడ్జి నంబరు ఎంతకీ కలవలేదు. లైనులో ఎవరో ఉన్నారని వస్తోంది. కమిటీ ఆఫీసు ఎంతో దూరం కాదు, కారులో అయితే ఈపాటికి చేరి ఉంటారు. మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. జడ్జీగా పేరు పోతే పోనీ. బడిలో తన చేతికింద ఆడిన పిల్లలు వీధిలో మొహం తిప్పుకుని పోతే పోనీ. ఆ సంచీ బల్ల మీద పడకుండా ఉంటే చాలు. ఇంట్లోవాళ్ళు నమ్మకపోయినా కమిటీ నమ్మాలి. తప్పు చేశానని వచ్చి ఒప్పుకున్నవాళ్ళని ఎవరు కాదంటారు?

చివరికి అటువైపు ఎత్తారు.

"నేనండీ, టీచర్ని. మీరు ముందు నా మాట వినాలి. మావారు అక్కడికి వస్తున్నారు. ఆయన ఏం చెప్పినా ఒప్పుకోకండి. ఆ మూడో కార్డు తప్పు. ఆయన కాలు లేవలేదు. నేను కావాలనే రాశాను. అందరి ముందూ వచ్చి చెప్తాను, ఏ శిక్షయినా వెయ్యండి."

పెద్ద జడ్జి దగ్గాడు. మంచి మనిషి, ఎవరినీ నొప్పించడు. ఆ మంచి గొంతుతోనే అన్నాడు.

"టీచరుగారూ, మీరిలా చేస్తారని మేస్త్రిగారు మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పారండీ. 'మా ఆవిడ నా అవస్థ చూడలేకపోతోంది, కార్డు తప్పని మీతో చెప్పినా చెప్పొచ్చు, పట్టించుకోకండి' అన్నారు. ఏడ్చారండీ ఆయన. కమిటీలో అందరికీ చెప్పాను. ఇంక మీ మీద ఫిర్యాదు లేదు, కొట్టేశాం. సొంత మనిషిని కూడా వదలని జడ్జి మాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతారు చెప్పండి? వచ్చే పందేనికి పెద్ద జడ్జీగా మీరే ఉండాలని అందరం అనుకున్నాం."

"అయ్యా, దయచేసి వినండి. నేను చెప్పేది..."

"ఒక్క నిమిషమండీ, వచ్చేశారు ఆయన. లోపలికి రండి మేస్త్రిగారూ, కూర్చోండి. ఏమిటా సంచీ?"

"ఆయన్ని ఆపండి!" అని అరిచింది టీచరమ్మ.

ఫోన్ అప్పటికే పెద్ద జడ్జి చెవి దగ్గర లేదు. అవతలి గదిలో, గట్టి బల్ల మీద, ఇనుమూ ఇత్తడీ కుమ్మరించిన చప్పుడు వినిపించింది.